తూర్పు గది కిటికీకి అద్దం

మా ఊళ్లో ఎవరైనా ఇంటికి అద్దాల కిటికీ పెట్టుకోవాలనుకుంటే ముందు నన్ను అడుగుతారు. నేను వడ్రంగిని కాదు. బడిలో అతిథి శిక్షకుణ్ణి, అంటే తాత్కాలిక పంతుల్ని, బడి లేనప్పుడు వరిచేను మనిషిని. నన్నే ఎందుకు అడుగుతారంటే, ఒకే ఒక్క కిటికీని ఇన్ని రకాలుగా పాడుచేసుకున్న అనుభవం చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. అనుభవజ్ఞుణ్ణి అడగడం మంచి అలవాటే.

మద్దేడ్ దగ్గర పెద్దరోడ్డు దిగి, వాగు దాటి, ఇంకాస్త లోపలికి నడిస్తే మా ఊరు. పాత ఇళ్లకు కిటికీలు ఉండవు. గాలి తలుపులోంచి వచ్చి తలుపులోంచే పోతుంది, మర్యాదస్తుల పద్ధతి. పొయ్యి పొగ పెంకుల సందుల్లోంచి తన దారి తాను చూసుకుంటుంది. వెలుతురు కావాలంటే మనిషే బయటికి పోతాడు. చలికి, వానకు, అప్పుడప్పుడూ పెరట్లోకి వచ్చే ఎలుగుబంటికి ఇది సరైన ఏర్పాటు. తరతరాలుగా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదు చేసే మనిషిని నేను పెళ్లి చేసుకుని తెచ్చాను.

నా భార్య కిరందుల్ రైల్వే క్వార్టర్లో పెరిగింది. వాళ్ల నాన్నది శ్రీకాకుళం వైపు. మేమిద్దరం జగదల్‌పూర్‌లో కాలేజీలో చదివాం. ఆవాస్ పథకం కింద మాకు ఇల్లు మంజూరైనప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, తూర్పు గదికి కిటికీ, దానికి అద్దం.

"కిటికీ నేకపోతే తెల్లారిందో నేదో ఎలా తెలుస్తాదండీ?" అంది.

"కోడి చెప్తది బిడ్డా," అన్నాడు మా మేనమామ. మా అమ్మకు తమ్ముడు. నాగళ్లు, తలుపులు, మంచాలు చేస్తాడు. ఆయన చేతికి గొడ్డలి ఇస్తే నాగలి వస్తుంది, ఉలి ఇచ్చినా నాగలే వస్తుంది, కాకపోతే సన్నంగా వస్తుంది.

అయినా చేశాడు. టేకు చట్రం, రెండు రెక్కలు. ఎడమ రెక్కకు చెక్క, కుడి రెక్కకు మాత్రం అద్దం. రెండింటికీ అద్దమే పెట్టొచ్చు కదా మామా అంటే, ఇల్లు చూడడానికి ఒక కన్ను చాలదా అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అది తెలివైన పనే. గాలికి చెక్కరెక్క తెరుచుకోవచ్చు, వెలుతురుకు అద్దంరెక్క మూసుకోవచ్చు. కిటికీ పెట్టేవాళ్లకు ఈ సలహా నేను మొహమాటం లేకుండా ఇస్తాను, నాది కాదు కాబట్టి.

అద్దం అయితే బీజాపూర్ నుంచి వచ్చింది కానీ, దాన్ని గాడిలో కూర్చోబెట్టి చుట్టూ పూసే పుట్టీ తేవడం మరిచాం. పుట్టీ అంటే సుద్దపొడి, అవిసెనూనె కలిపి పిసికిన ముద్ద అని నాకు తెలుసు. సుద్ద ఇంట్లో ఉంది. అవిసెనూనె లేదు. ఇప్పనూనె డబ్బాడు ఉంది. ఇప్పపూలు ఏరేది మేమే, గింజలు ఏరేది మేమే, నూనె తీయించేది మేమే. వంటకు అదే, తలకు అదే, కాళ్ల పగుళ్లకు అదే. మా దగ్గర నూనె అన్నమాటకు అర్థం ఇప్పనూనె.

"నూనెల్ల ఇంత చిక్కనిది ఇంకోటి ఏంది? చలికి చాకుతో కోసుకోవాలె," అన్నాడు మామ.

నాకు రసాయనశాస్త్రంలో డిగ్రీ ఉంది. నూనెల్లో గాలికి ఎండి తోలులా బిగుసుకునేవి కొన్ని, ఎన్నేళ్లయినా ఎండనివి కొన్ని అని పాఠంలో ఒక వాక్యం ఉంది. అది పరీక్షలో రాలేదు. పుష్యమాసపు చలిలో మామా నేనూ సుద్దా ఇప్పనూనే కలిపి పిసికి, అద్దం చుట్టూ బొటనవేలితో నొక్కాం. తెల్లారేసరికి రాయిలా గట్టిపడింది. పక్కింటివాళ్లు వచ్చి గోటితో కొట్టి చూసి వెళ్లారు. నా భార్య మాత్రం గదంతా ఒకటే వాసనేస్తంది అని ముక్కు పట్టుకుంది.

ఫాల్గుణం ఎండలు వచ్చాయి. ముందు పుట్టీకి చెమట పట్టింది. తర్వాత చీమలు బారుకట్టాయి. తర్వాత ఉడతలు. ఇప్పపువ్వు అంటే ఎలుగుబంటికి ఎంత ఇష్టమో అందరికీ తెలుసు కనుక, అది కూడా వస్తుందని ఊరు కొన్నాళ్లు ఎదురుచూసింది. రాలేదు. ఆ ఒక్కటీ తక్కువైంది. ఒక మధ్యాహ్నం అద్దం గాడిలోంచి నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా జారి, కిటికీ గట్టు మీద పడి పగిలింది. గడ్డకట్టడం వేరు, ఎండడం వేరు. నెయ్యి కూడా చలికి గడ్డకడుతుంది, అలాగని నెయ్యితో గోడ కట్టం. అవిసెనూనె పుట్టీ తప్ప మరొకటి వాడకండి.

ఆ ఖాళీకి గోనెసంచి కట్టాం. నా భార్యకు అప్పటికి నెలలు నిండడానికి చాలా సమయం ఉంది. పురుడు భాద్రపదంలో అన్నారు. పుట్టింటికి వెళ్లి పురుడు పోసుకుని వానలు తగ్గాక వస్తుంది, ఆలోపు అద్దం పెట్టించవచ్చు అనుకున్నాం. అన్నీ సవ్యంగా అనుకున్నాం. బిడ్డకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. ఆషాఢంలోనే, జోరువానలో, బీజాపూర్ ఆసుపత్రిలో పుట్టేసింది.

ఆడపిల్ల. అంత చిన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. వేళ్లు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. మా అమ్మ చూసి ఏమీ అనలేదు. మా అమ్మ ఏమీ అనకుండా ఉండడం కూడా నేను అంతకుముందు చూడలేదు.

కొన్నాళ్లు గాజుపెట్టెలో ఉంచారు. తర్వాత పాలు తాగుతోంది, ఒళ్లు వెచ్చగా నిలుపుకుంటోంది, ఇంక తల్లి దగ్గరే ఉంటే మంచిది అన్నారు. పంపేముందు సిస్టర్ నన్ను పిలిచి హిందీలో నింపాదిగా చెప్పింది. తల్లి ఛాతీకి ఆనించి వెచ్చగా ఉంచాలి. వాన గాలి, పొయ్యి పొగ తగలకూడదు. రోజూ పొద్దున పగటి వెలుతురులో ఒంటి రంగు చూడాలి. వేలితో నొక్కి వదిలితే చర్మం పచ్చగా కనిపించినా, పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా కామెర్లు ఎక్కువైనట్టు, ఇలాంటి పిల్లలకు అది మెదడుకు ఎక్కుతుంది, ఆ క్షణమే తీసుకురావాలి. బల్బు వెలుతురులో రంగు తెలియదు, టార్చి వెలుతురులో అసలే తెలియదు. ఇదంతా చెప్పి, గదికి కిటికీ ఉందా అని అడిగింది.

ఉందన్నాను. అబద్ధం కాదు. కిటికీ ఉంది.

వరండాలో కూర్చుని ఆ గదిని తలుచుకున్నాను. గోనెసంచి తీస్తే వాన ఏటవాలుగా మంచం మీదికే వస్తుంది. దాని మీద టార్పాలిన్ కొడితే గది కుండలోపలిలా అవుతుంది. అందులో బిడ్డ పచ్చగా ఉందో, నల్లగా ఉందో, ఉందో లేదో కూడా తెలియదు. వానాకాలంలో మా ఊళ్లో కరెంటు ఉండడం ఒక వార్త. బయట అరుగు మీదికి తెచ్చి చూద్దామంటే గాలి. వెలుతురు లోపలికి రావాలి, గాలి రాకూడదు. ఈ పని చేసే వస్తువును మనుషులు ఎప్పుడో కనిపెట్టారు. దాని పేరు అద్దం. అది మా ఇంటి వెనక ముక్కలై పడివుంది.

ఇంకొన్నాళ్లు ఆసుపత్రిలోనే ఉంచమని అడుగుదామా అంటే, నా భార్య లోపలి మంచాల వైపు చూపించింది. ఒక్కో మంచం మీద ఇద్దరు తల్లులు.

"ఇంటికే వెళ్దాం. మీరు ముందెళ్లి కిటికీ సంగతి చూడండి," అంది. "మూసీడం కాదు. అద్దం పెట్టండి. నాను పిల్లని చూసుకోవాలి."

మామకు ఫోన్ చేశాను. మా ఊళ్లో ఫోన్ దొరకాలంటే మనిషి గుట్ట మీద ఉండాలి, అదృష్టవశాత్తూ ఆయన ఎడ్ల కోసం గుట్ట మీదే ఉన్నాడు. రెక్క గాడి కొలత కావాలన్నాను. జానన్నర మీద బెత్తెడు అన్నాడు. ఎవరి జాన మామా అన్నాను. నాదే, ఇంకెవరిది అన్నాడు. చివరికి ఒక ఉపాయం కుదిరింది. మా వైపు దూలానికీ తలుపుకీ కొలత అంటే టేపు కాదు, కర్ర. గాడిలో వెదురుబద్ద పెట్టి సరిగ్గా అంతకు కోసి ఆ బద్దనే పంపిస్తారు. అడ్డానికి ఒకటి, నిలువుకు గాటు పెట్టిన మరొకటి. రెండు బద్దలూ బస్సు డ్రైవరు చేతికి చేరి, సాయంత్రానికి నా చేతికి వచ్చాయి.

పొద్దున్నే బీజాపూర్‌లో అద్దాల దుకాణానికి వెళ్లాను. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. అద్దాన్ని గాడికి సరిగ్గా సరిపోయేలా ఎప్పుడూ కోయించకూడదు. వానకు చెక్క ఉబ్బుతుంది. ఉబ్బిన చెక్క అద్దాన్ని పిండితే మూలల్లోంచి పగులుతుంది. చుట్టూ అగ్గిపుల్ల మందాన సందు వదలాలి. ఇది నాకు తెలుసు. అందుకని బద్దలు ఇచ్చి, చుట్టూ కొంచెం తగ్గించి కోయమన్నాను. దుకాణదారుకు కూడా తెలుసు. అతను తనంతట తానే ఇంకొంచెం తగ్గించాడు, నాకు మాటైనా చెప్పకుండా. మా మామకు కూడా తెలుసు. ఆ సంగతి నాకు తెలియదు.

పుట్టీ, చిన్న మేకులు, ఒక సీసాడు అవిసెనూనె కొని బస్సెక్కాను. అద్దాన్ని ఎప్పుడూ పడుకోబెట్టి తీసుకెళ్లకూడదు, నిలబెట్టే తేవాలి. పడుకోబెడితే దాని బరువుకు అదే పగులుతుంది, లేదా ఎవరో దాని మీద బియ్యం మూట పెడతారు. గోనెసంచి చుట్టి మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాను. బస్సు కిటికీకి అద్దం లేదు. వాన నేరుగా ఒళ్లోకి వస్తోంది. వెనక సీట్లోని పెద్దాయన నా భుజం తట్టాడు.

"తమ్మీ, ఆ అద్దం జర ఇటు పెట్టు. ఇంటికాడ ఎట్లాగూ పెడ్తవ్ గద. అప్పటిదాంక మేం వాడుకుంటం."

ఇంకో రోజైతే పెట్టేవాణ్ణే. ఆ రోజు రెండు చేతులతో దాన్ని పట్టుకుని, ప్రతి గుంతకూ సీట్లోంచి లేచి నిలబడ్డాను. వాగు దగ్గర లోలెవల్ వంతెన మీద నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. అద్దాన్ని నెత్తిన పెట్టుకుని దాటాను. అద్దం తడిసినా పరవాలేదని అందరికీ తెలుసు. ఆ క్షణం నాకు తెలియలేదు.

ఇంట్లో మామ రెక్కను ఊడదీసి, పాత ఇప్పనూనె పుట్టీ గీకి, సిద్ధంగా ఉంచాడు. అద్దాన్ని గాడిలో పెట్టాం. అటు జరిపితే ఇటు సందు, ఇటు జరిపితే అటు సందు. వేలు దూరుతోంది.

మామ సందును వేలితో చుట్టూ కొలిచాడు. "అల్లుడా, నువ్వు తగ్గించినవా?"

"తగ్గించాను."

"నేను తగ్గించే కోసిన బద్ద. పోయినసారి పగిలింది గద, అందుకని."

"దుకాణం అతను కూడా తగ్గించినట్టున్నాడు."

"ముగ్గురం మంచోళ్లమే," అన్నాడు మామ, నేల మీద కూర్చుంటూ.

నేనూ కూర్చున్నాను. మళ్లీ బీజాపూర్ వెళ్లి వచ్చే వ్యవధి లేదు. మరునాడు తల్లినీ బిడ్డనూ ఇంటికి పంపిస్తున్నారు. వాన పెంకుల మీద పడుతూనే ఉంది. ఖాళీ చట్రంలోంచి జల్లు వచ్చి, బిడ్డకోసం వేసిన మంచం కోళ్లను తడుపుతోంది. ఏడుపు రావలసిన సమయమే. కానీ మామ ఎదురుగా ఉన్నాడు, ఏడిస్తే నలుగురికీ చెప్తాడు.

సందు పెద్దదైతే పుట్టీతో నింపేయొచ్చు అనిపిస్తుంది. నింపకండి. మందంగా పూసిన పుట్టీ లోపల ఎండదు, వానాకాలంలో బయట కూడా ఎండదు. అద్దాన్ని పట్టుకోవలసింది చెక్క, పుట్టీ కేవలం నీళ్లను ఆపడానికి. అంటే లోపల అడుగున సన్నటి చెక్కముక్కలు పెట్టి అద్దాన్ని గాడి మధ్యకు తేవాలి. బయటివైపు నాలుగు దిక్కులా వెడల్పాటి చెక్కపట్టీలు కొట్టాలి. దానికి ఎండిన చెక్క కావాలి. ఆషాఢంలో మా ఊళ్లో ఎండిన చెక్క ఒకే చోట ఉంటుంది, పొయ్యి మీది అటకపైన. నాగలి చేయడానికి కర్రలు అక్కడ పెట్టి ఏళ్ల తరబడి పొగబెడతారు. మామ ఇంటి అటక మీద అలాంటిది ఒకటుంది. వచ్చే ఏటికని ఎంచి, ఎవరడిగినా ఇవ్వకుండా దాచుకున్నది.

నేను అడగలేదు. ఆయన లేచి వెళ్లి, భుజాన వేసుకుని తెచ్చి, నిలువునా చీల్చాడు. చీల్చేటప్పుడు నా వైపు చూడలేదు. పొగ పట్టిన నల్లటి చెక్క లోపల ఎర్రగా, పొడిగా ఉంది.

తర్వాత పని ఎలా చేశామో చెప్తాను, ఎందుకంటే ఆ తర్వాత నేను చూసిన ప్రతి కిటికీకి ఇదే చెప్పాను. తడిచెక్కకు పుట్టీ అంటదు. అందుకని పెనంలో నిప్పులు పోసి, గాడి చుట్టూ నెమ్మదిగా తిప్పి, చెక్క కాలకుండా తేమ పోయేదాకా ఆరబెట్టాం. ఆరిన గాడికి అవిసెనూనె పూశాం. పూయకపోతే పొడిచెక్క పుట్టీలోని నూనె తాగేసి, దాన్ని పొడిపొడిగా రాలుస్తుంది. గాడి అడుగున చెక్కముక్కలు పెట్టి, పలచగా పుట్టీ పరిచి దాని మీద అద్దం పెట్టాం. అంచుల దగ్గర మాత్రమే నొక్కాలి, మధ్యలో నొక్కితే ఇంత పనీ వృథా. చిన్న మేకులు అద్దానికి ఆనీ ఆనకుండా దిగగొట్టాం. పైన పట్టీలు. పట్టీకీ అద్దానికీ మధ్య సన్నగా పుట్టీ, నీళ్లు జారిపోయేలా బయటికి వాలుగా.

చివరగా రెక్కను మళ్లీ చట్రానికి బిగించి, నేను బయట నిలబడి చెంబుతో నీళ్లు కొట్టాను, మామ లోపలినుంచి చూశాడు. అద్దం దగ్గర చుక్క రాలేదు. రెక్క కింద, గట్టు మీదుగా మాత్రం నీళ్లు వచ్చాయి. గట్టు వాలు ఇంట్లోకి ఉంది. మేస్త్రీ కట్టినప్పుడు ఎవరూ చూడలేదు, కట్టినవాళ్లు ఎవరూ చూడరు. ఉలితో సిమెంటు చెక్కి వాలు బయటికి తిప్పాను. ఆ పనిలో వాన నా వీపు మీదే పడింది. మళ్లీ చెంబు. ఈసారి లోపల పొడిగా ఉందన్నాడు మామ. నాకు నమ్మకం కలగక, ఆయన్ను బయట నిలబెట్టి నీళ్లు కొట్టమని, నేను లోపలికి వెళ్లి మంచం మీద కూర్చుని చూశాను. అద్దం అవతల మా మామ మొహం నీళ్లలో కరిగిపోతున్నట్టుంది. లోపల గాలి లేదు. నా చేతి మీది వెంట్రుకలు కూడా కదల్లేదు.

మరునాడు అమ్మ తోడుగా వాళ్లు వచ్చారు. జీపు వాగు దాకానే వచ్చింది. నా భార్య బిడ్డను జాకెట్టు లోపల, ఒంటికి ఆనించి కట్టుకుని నడిచి వచ్చింది. గదిలోకి రాగానే కిటికీ దగ్గరికి వెళ్లి అద్దం మీద అరచెయ్యి పెట్టి చూసింది. బాగుందని చెప్పలేదు. మంచాన్ని కిటికీ దగ్గరికి జరపమంది. నాకు అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఇంతవరకూ దొరకలేదు.

మా అమ్మ పొయ్యి మీద నూనె వెచ్చబెట్టి, పసుపు కలిపి, బిడ్డకు రాసింది. ఇల్లు చేరిన పసిగుడ్డుకు పసుపు రాయకపోతే ఆమె దృష్టిలో బిడ్డ ఇంకా దారిలోనే ఉన్నట్టు. వద్దని చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు. ఆ రాత్రి బిడ్డ ఏడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాం.

మర్నాడు పగలంతా దట్టమైన మబ్బు. గదిలో వెలుతురు బూడిదరంగులో ఉండి, మనుషులందరూ ఒకే రంగులో కనిపించారు. బిడ్డ ఎక్కువగా నిద్రపోయింది. చంటిపిల్లలు నిద్రపోవడమే పని అంది మా అమ్మ. ఆ మరునాటి పొద్దున వాన కాస్త తెరిపి ఇచ్చింది. చాలా రోజుల తర్వాత ఎండ, పలచగా, తడిగా, అద్దంలోంచి మంచం మీద పడింది. నా భార్య బిడ్డ బట్టలు విప్పి ఆ ఎండలో పడుకోబెట్టి, వేలితో నుదుటి మీద నొక్కి వదిలింది. తర్వాత ఛాతీ మీద. మళ్లీ నొక్కింది.

"అత్తమ్మా, పసుపు ఎక్కడెక్కడ రాశారు?"

"నుదుటికి, ఛాతీకి, అరికాళ్లకు. ఏం, రాయొద్దా? నీ మొగనికి రాయలేదా నేను? బతికిండు గద."

"వీపుకి రాసారేటి?"

"వీపుకెవలు రాస్తరు."

నా భార్య బిడ్డను రెండు చేతులతో బోర్లా తిప్పి పట్టుకుంది.

"వీపూ పచ్చగానే ఉంది," అంది.

మా అమ్మ వంగి చూసింది. నూనె జారి ఉంటదంది. పడుకున్నప్పుడు గుడ్డకు అంటి, గుడ్డలోంచి వీపుకు అంటి ఉంటదంది. అలా అంటూనే వెళ్లి గోరువెచ్చటి నీళ్లు తెచ్చింది. తానే తెల్లటి పంచె చింపి, ముంచి పిండి, తుడిచింది. మొదటిసారి గుడ్డ పచ్చబడింది. రెండోసారి కొంచెం. మూడోసారి గుడ్డ తెల్లగానే వచ్చింది. బిడ్డ మాత్రం తెల్లబడలేదు. అంత తుడిచినా కళ్లు తెరవలేదు, ఏడవలేదు. రొమ్ము నోటికి అందిస్తే పెదవులు కదిలాయి, పట్టలేదు.

ఇలాంటి వేళల్లో కూడా ఏదో ఒక మాట అని నలుగురినీ నవ్వించే మనిషినని నాకు కొంచెం పేరుంది. వెతికాను. ఏమీ లేదు.

వాగుకు పోయేసరికి, ముందురోజు ఎగువన కురిసిన వాన అంతా అక్కడ ఉంది. వంతెన కనిపించడం లేదు, దాని మీదుగా ఎర్రటి నీళ్లు చెట్టుకొమ్మల్ని లాక్కుపోతున్నాయి. అవతలి ఒడ్డున ఒక జీపు ఆగి ఉంది, ఇవతల మేము. మామ వెదురు గెడ పట్టుకుని దిగి, నడుం దాకా వెళ్లి, వెనక్కి వచ్చాడు. ఆగాలన్నాడు. ఆగాం. నా భార్య బిడ్డను ఒంటికి ఆనించుకుని, గొంగడి కింద, దాని మొహానికి తన మొహం ఆనించి నిలబడింది. ఊపిరి వినిపిస్తోందా అని నేను అడగలేదు. ఆమె మొహం వైపు చూస్తూ ఉన్నాను. ఆ మొహం మారనంతసేపూ పరవాలేదు.

మామ నీళ్ల మట్టానికి మునిగిన ఒక రాయిని గుర్తు పెట్టుకున్నాడు. దాని నెత్తి బయటపడగానే మంచం తెమ్మన్నాడు. ఊరివాళ్లు నలుగురు వచ్చారు. మా వైపు రోగిని వాగు దాటించేది మంచం మీదే. నా భార్యను మంచం మీద కూర్చోబెట్టి, నాలుగు కోళ్లూ నాలుగు భుజాల మీదికి ఎత్తారు. మామ గెడతో ముందు నడిచాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని వెనక నడిచాను. మధ్యలో నీళ్లు రొమ్ము దాకా వచ్చినప్పుడు మంచం ఒకవైపు ఒరిగింది. ఆమె రెండు చేతులూ బిడ్డ చుట్టూనే ఉన్నాయి, పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. ఒరిగినవైపు మనిషి అడుగు దొరకబుచ్చుకుని లేచాడు. దాటాం.

అవతల ఆగి ఉన్న జీపే మమ్మల్ని ఆసుపత్రికి చేర్చింది. సిస్టర్ బిడ్డను వెలుతురుకు తిప్పి, అరికాళ్ల దాకా చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికి తీసుకెళ్లింది. రక్తం తీశారు. కళ్లకు గంతలు కట్టి నీలం దీపాల కింద పడుకోబెట్టారు. దీపాలతో తగ్గితే సరే, తగ్గకపోతే ఒంట్లోని రక్తం మార్చాలి, దానికి జగదల్‌పూర్ తీసుకెళ్లాలి, మళ్లీ పరీక్ష చేస్తే తప్ప ఏమీ చెప్పలేం అంది డాక్టరమ్మ. నా భార్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరి బట్టల్లోంచీ నీళ్లు కారి ఒకే మడుగైంది.

చాలాసేపటికి అమ్మ కనిపించడం లేదని లేచాను. వరండా చివర కుళాయి దగ్గర ఉంది. అరచేతులు సిమెంటు గట్టుకేసి రుద్దుతోంది. పసుపు నూనె వేళ్ల గీతల్లో ఇంకిపోయి, ఎంత రుద్దినా పోవడం లేదు. కుళాయి కట్టేశాను. మళ్లీ తిప్పింది.

"నా పసుపే అయ్యుంటే ఎంత బాగుండురా," అంది. "తుడిస్తే పోతుండె."

ఆమె చేతులు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. చీకటి పడే ముందు రెండోసారి రక్తం తీశారు. పెరగలేదు, కొంచెం దిగింది అన్నారు, కొంచెం అన్నమాటను నొక్కి. అప్పటికి సంతోషించే ధైర్యం మాలో ఎవరికీ లేదు. జగదల్‌పూర్ మాట మాత్రం ఇంకెవరూ ఎత్తలేదు. ఆ తర్వాత లోపలి నుంచి సన్నగా, తుప్పుపట్టిన తలుపులాంటి చప్పుడు వచ్చింది. అది ఏడుపు అని నాకు తట్టేలోపే నా భార్య లేచి నిలబడింది. సిస్టర్ తలుపు దగ్గరికి వచ్చి, బిడ్డ లేచింది, ఆకలిగా ఉంది, తల్లి ఎక్కడ అంది. నా భార్య తడి కొంగుతో ఒళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది.